నలభై దాటితే తడవం

ముప్పై ఒక్క ఏళ్ళు
పళ్ళ డాక్టరు మోచేతి పక్కన నిలబడి
బాలా ఊళ్ళో నోళ్ళన్నీ తెరిపించాను.
"ఇంకాస్త పెద్దగా. ఆఁ, అలాగే ఉంచండి."

ఇప్పుడు తెరిచేది ఒక్కటే నోరు,
అరవై నాలుగులో పుట్టిన మోరిస్ మైనర్‌ది.
పాలు ఎక్కువైన టీ రంగు.
ముందద్దం మీద రెండు కొక్కేలు విప్పి
గుడ్డ కప్పుని వెనక్కి వాల్చాలి.
తొందరపడితే చిరుగుతుంది,
ఒక్కరే మడిస్తే వంకర పోతుంది.
దుప్పటి మడతకి మల్లే
ఇద్వల్ ఒక కొస, నేనొక కొస.
పెళ్ళయిన ఇన్నేళ్ళలో
మేమిద్దరం పోట్లాడుకోకుండా చేసే పని
ఇదొక్కటే అనుకుంటా.

పొద్దుటి చలికి దానికి గొంతు పెగలదు.
చోక్ లాగి, ఆగి, మళ్ళీ లాగి
బతిమాలాలి. తిట్టకూడదు.
ఇద్వల్ ఓసారి "తుప్పు డొక్కు" అన్నాడు,
వారం రోజులు బ్యాటరీ మౌనవ్రతం పట్టింది.

హీటరు పేరుకే ఉంది.
మోకాళ్ళ మీద ఊలు రగ్గు, ఫ్లాస్కులో టీ,
డిక్కీలో రెంచీలు,
ఫ్యాన్ బెల్టు తెగితే కట్టడానికి
నా పాత నైలాన్ మేజోడు ఒకటి.
రోజుకి నలభైసార్లు సబ్బుతో రుద్దిన గోళ్ళు ఇవి,
వీటి కింద ఇప్పుడు నల్లటి నెలవంకలు.
ఆదివారం దాకా కడుక్కోను.

పెట్రోలు బంకులో ఎవరో ఒకరు వచ్చి
బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడతారు.
"మా మేనమామకి ఉండేదండీ, అచ్చం ఇలాంటిదే."
వేల్స్‌లో ఇంతమంది మేనమామలున్నారని
ఈ కారు కొన్నాకే తెలిసింది నాకు.

మాకు ఎండ చుట్టపుచూపు, వాన ఇంటి మనిషి.
కారు అమ్మిన రీస్ తాళాలతో పాటు ఒక మాట ఇచ్చాడు:
"నలభై దాటితే తడవరు."
వయసు సంగతి కాదు, మైళ్ళ సంగతి.
ఆ వేగంలో అద్దం మీది గాలి
చినుకుల్ని మన నెత్తి మీదుగా ఎగరేసి
వెనక సీటుకి పంపేస్తుందట.

నిజమే. పోయిన గురువారం
తెగిడ్ సరస్సు పక్కన, జల్లు మొదలయ్యాక,
నలభై రెండులో వెళ్తున్నాం.
చుట్టూ వాన, మధ్యలో మేం పొడిగా,
దొంగతనం చేసి దొరకని పిల్లల్లా.
తడిసిన గడ్డి వాసన,
ఎవరింట్లోనో ఉల్లిపాయలు మాడిన వాసన,
కప్పున్న కార్లో ఇన్నాళ్ళూ
ఈ రోడ్డుని కళ్ళతోనే చూశాను.

మలుపు తిరిగితే
గొర్రెలు.
అరవై దాకా ఉంటాయి,
ఏ ఒక్కదానికీ ఏ పనీ ఉన్నట్టు లేదు.
బ్రేకు వేశాను.
వాన అప్పటిదాకా ఎక్కడ దాక్కుందో,
ఒక్కసారిగా ఒళ్ళో కూర్చుంది.

కప్పు వెయ్యాలంటే ఐదు నిమిషాలు,
నాలుగు చేతులు.
ఇద్వల్ నా వైపు చూశాడు. నేను గొర్రెల వైపు చూశాను.
ఎవరం లేవలేదు.

గొర్రెల వెనక గెథిన్, కుక్కా.
మమ్మల్ని చూసి పగలబడి నవ్వాడు.
కింది వరస, ఎడమ పక్క, చివరి నుంచి రెండోది,
తొంభై ఎనిమిదిలో మేం పెట్టిన ఫిల్లింగు,
ఇంకా గట్టిగానే ఉంది.
"కప్పు పాడైందా?"
"లేదు, బాగానే ఉంది," అన్నాను
కనురెప్పల మీంచి కారే నీళ్ళలోంచి.

పక్కన ఇద్వల్
తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని,
వానకి నోరు తెరిచాడు.
అరవై తొమ్మిదేళ్ళ మనిషి.
"ఇంకాస్త పెద్దగా," అన్నాను.
తెరిచాడు.

ఆఖరి గొర్రె తీరిగ్గా దాటింది.
ఈలోపు ఇంజను ఆగిపోయి ఉంది.
చోక్ లాగాను. ఆగాను. మళ్ళీ లాగాను.
ఇద్వల్ నోరు మూసేశాడు.
దారి పొడవునా ఒక్కసారి కూడా
డొక్కు అనలేదు.